ఈగదోలోకి అంజీర్ ఎలా వచ్చింది? కాలేయం పేరు వెనక వంటింటి కథ

ప్రశ్న ఇది: "స్పానిష్ నేర్చుకుంటున్నాను. అంజీర్ పండును 'ఈగో' అంటారు, కాలేయాన్ని 'ఈగదో' అంటారు. రెండింటికీ చుట్టరికం ఉందా, లేక పోలిక ఊరికే కుదిరిందా? కాలేయం అంజీర్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారని ఒకచోట చదివాను. గ్రీకు 'హేపర్' నుంచి వచ్చిందని ఇంకోచోట చదివాను. పోర్చుగీసు, కాటలాన్, బాస్క్ భాషల్లో ఏమంటారు? మా ఆఫీసులో మెక్సికో ఆయన ఒకరు ఇంకొకరిని 'ఈగదో' అన్నాడు. అది తిట్టా?"

చివరి దానికి ముందు జవాబు చెప్పేస్తాను: అవును, తిట్టే. మరీ బూతు కాదు గానీ మెచ్చుకోలు మాత్రం కాదు. దాని సంగతి కింద చెప్తాను.

మొదటి ప్రశ్నకొస్తే, ఈగోకీ ఈగదోకీ చుట్టరికం ఉంది, అదీ బాగా దగ్గరిది. కాకపోతే ఆకారానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కాలేయం ఏ కోణంలో చూసినా అంజీర్‌లా ఉండదు. మాంసం కొట్లో కార్జం చూసినవాళ్లెవరికీ ఆ అనుమానం రాదు. హేపర్ కథ కూడా తప్పే. అయితే అందులో గ్రీకు వాసన మాత్రం నిజం, అది వేరే దారిన వచ్చింది.

నేను స్పానిష్, పోర్చుగీసు వైద్య రిపోర్టులు అనువదించే పనిలో ఉన్నాను. ఈ అవయవం పేరు దాదాపు రోజూ ఎదురవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిక ఉంటేనే చదవండి.

కథ మొదలయ్యేది వంటింట్లో. బాతుల్నీ పందుల్నీ బాగా మేపి కాలేయాన్ని కొవ్వెక్కించి తినడం పాత అలవాటు. ఈజిప్టులో సక్కారా సమాధుల గోడల మీద బాతుల గొంతులో మేత కుక్కుతున్న బొమ్మలు నాలుగువేల ఏళ్ల నాటివి ఉన్నాయి. గ్రీకులు ఈ పనికి ఎండు అంజీర్ వాడేవారు. చక్కెర ఎక్కువ, చవక, ఎన్నాళ్లయినా నిలవ ఉంటుంది. బాతు జాతి పక్షులు దూర ప్రయాణాలకి ముందు కాలేయంలో కొవ్వు దాచుకుంటాయి. తీపి మేత ఎక్కువైతే ఆ గుణమే హద్దు దాటి, కాలేయం ఉబ్బి మెత్తబడుతుంది. అలా అంజీర్ తినిపించిన జంతువు కాలేయానికి గ్రీకువాళ్లు పెట్టిన పేరు 'సూకోతోన్ హేపర్'. సూకోన్ అంటే అంజీర్, హేపర్ అంటే కాలేయం. తెలుగులో చెప్పాలంటే 'అంజీర్ పట్టించిన కార్జం'.

రోమన్లు వంటకాన్నీ తీసుకున్నారు, పేరునీ తీసుకున్నారు. పేరుని అరువు తెచ్చుకోకుండా తమ మాటల్లోకి మార్చుకున్నారు: 'యేకుర్ ఫీకాతుమ్'. యేకుర్ అంటే కాలేయం, ఫీకుస్ అంటే అంజీర్, ఫీకాతుమ్ అంటే అంజీర్ పెట్టినది. కవి హొరాస్ ఒక విందుని వెక్కిరిస్తూ రాసిన వ్యంగ్య కవితలో, బలిసిన అంజీర్ పండ్లు మేసిన తెల్ల బాతు కాలేయం వడ్డించారని చెప్తాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఇంకో సంగతి రాశాడు. ఆపీకియుస్ అనే భోజనప్రియుడు అదే పద్ధతిని ఆడ పందుల మీద ప్రయోగించాడట. ఎండు అంజీర్‌తో మేపి, కడుపు నిండాక తేనె కలిపిన ద్రాక్షసారా తాగించి, ఉన్నట్టుండి చంపేవారట. చదవడానికి బాగుండదు, కానీ మన మాట పుట్టింది అక్కడే.

తర్వాత జరిగింది మామూలు బద్ధకం. హోటల్లో 'మసాలా దోసె ఒకటి' అనకుండా 'ఒక మసాలా' అని కేకేస్తారే, అలా జనం 'యేకుర్ ఫీకాతుమ్'లో యేకుర్‌ని వదిలేసి ఒట్టి 'ఫీకాతుమ్' అనడం మొదలుపెట్టారు. మొదట అంజీర్ మేపిన కాలేయానికే ఆ పేరు. తర్వాత ఏ జంతువు కాలేయానికైనా అదే. చివరికి మనిషి కాలేయానికీ అదే. ఈలోపు యేకుర్ జనం నోట్లోంచి పూర్తిగా పోయింది.

యేకుర్ పోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది, ఎందుకంటే అది మనకి తెలిసిన చుట్టమే. సంస్కృతం 'యకృత్', లాటిన్ 'యేకుర్', గ్రీకు 'హేపర్', పారశీకం 'జిగర్' ఒకే పూర్వపు మాట నుంచి వచ్చాయి. మన పాత వైద్య పుస్తకాల్లో కాలేయాన్ని యకృత్తు అని రాసేది ఈ మాటతోనే. హైదరాబాదులో 'జిగ్రీ దోస్తు' అన్నప్పుడు పలికేదీ ఈ మాటనే. పారశీకంలో మాట మొదట్లోని య జ అయింది, గ్రీకులో హ అయింది. అంటే మన ఇంట్లో ఇంకా బతికి ఉన్న మాట స్పెయిన్‌లో చచ్చిపోయింది, దాని కుర్చీలో ఒక వంటకం పేరు కూర్చుంది.

యేకుర్ ఎందుకు ఓడిపోయిందంటే ఒక కారణం దాని రూపాలు. 'కాలేయం యొక్క' అనాలంటే యేకోరిస్ అనాలా, యేకినోరిస్ అనాలా అన్న గందరగోళం లాటిన్‌లోనే ఉండేది. సంస్కృతంలోనూ అంతే, యకృత్‌కి షష్ఠి 'యక్నః'. ఇలా వంకరటింకరగా మారే మాటల్ని చదువుకోని జనం వదిలించుకోవాలనే చూస్తారు. రెండో కారణం ఇంకా పెద్దది. మామూలు మనిషి కాలేయాన్ని చూసేది ఎక్కడ? కసాయి కొట్టులో, వంటింట్లో. తన ఒంట్లో ఉన్నదాన్ని ఎప్పుడూ చూడడు. అందుకే శరీరం పేర్ల విషయంలో ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం) భాషలు కసాయి దగ్గరా వంటవాడి దగ్గరా ధారాళంగా అప్పు చేశాయి. స్పానిష్‌లో కాలు 'పియెర్నా'. అది లాటిన్ పెర్నా, అంటే పంది తొడ మాంసం. తుంటి 'కదేరా', అది గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చిన 'కాతెద్రా', కుర్చీ. నోరు 'బొకా', అది లాటిన్‌లో ఉబ్బిన బుగ్గ. పాత, మర్యాదైన మాటలు పుస్తకాల్లో ఉండిపోయాయి, బజారు మాటలు ఒంట్లోకి వచ్చేశాయి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. నాకు ఈ మాట కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా అర్థం మారదు, కాబట్టి ఊనిక సంగతి మనం పట్టించుకోం. లాటిన్‌లో దానికి గట్టి నియమం ఉంది. చివరి నుంచి రెండో అక్షరం దీర్ఘమైతే ఊనిక దాని మీదే. ఫీకాతుమ్‌లో 'కా' దీర్ఘం, కాబట్టి ఊనిక 'కా' మీద పడాలి. రొమేనియన్ ఈ నియమం పాటించింది, అక్కడ కాలేయం 'ఫికాత్', ఊనిక చివర. ఐబీరియా భాషలూ పాటించి ఉంటే ఈ రోజు స్పానిష్‌లో కాలేయం 'ఇగాదో' అయ్యేది, 'గా' మీద బరువుతో. కానీ అది 'ఈ'గదో. పోర్చుగీసులో 'ఫీ'గదు. ఇటాలియన్‌లో 'ఫే'గతో. అన్నిట్లోనూ బరువు మొదటి అక్షరం మీదే. స్పానిష్ రాతలో ఆ మొదటి 'ఇ' మీద కనిపించే చిన్న గీత చెప్పేది దీన్నే. పరీక్షలో దాన్ని మర్చిపోతే మార్కులు పోతాయి, మర్చిపోకండి.

మరి ఊనిక ఎందుకు వెనక్కి జరిగింది? గ్రీకు మాట సూకోతోన్ వల్ల అని ఎక్కువమంది పండితులు ఒప్పుకున్న వివరణ. రోమన్ ధనవంతుల ఇళ్లలో వంటవాళ్లు చాలామంది గ్రీకులు. వాళ్లు గ్రీకు పేరే వాడేవారు. లాటిన్ నోళ్లలో ఆ పేరు నలిగి, ఊనిక మొదటికి జరిగి, 'సూకోతుమ్' లాంటి రూపం ఏర్పడింది. అదీ ఫీకాతుమ్ కలిసి ఒకే వంటింట్లో వినిపిస్తుంటే రెండూ ఒకదానికొకటి అంటుకున్నాయి. అక్షరాలు లాటిన్‌వి, బరువు పడే చోటు గ్రీకు మాటది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు గాస్తోన్ పారీస్ మొదలుకొని కాటలాన్ నిఘంటుకారుడు జువాన్ కొరొమీనెస్ దాకా ఈ మాట మీద చాలామంది తల బద్దలు కొట్టుకున్నారు. మీరు 'గ్రీకు నుంచి వచ్చింది' అని చదివినదానిలో నిజం పాలు ఇదే. హేపర్ రాలేదు, సూకోతోన్ తన ఊనిక మాత్రం ఇచ్చి వెళ్లింది. తమాషా ఏమిటంటే గ్రీసులోనూ చివరికి హేపర్ మాట వ్యవహారం నుంచి పోయింది. ఈ రోజు ఏథెన్స్‌లో కాలేయం 'సికోతి'. అక్కడా అంజీరే గెలిచింది.

హేపర్ కథ ఎందుకు పుట్టిందో కూడా ఊహించవచ్చు. స్పానిష్‌లో ఈగదోని హ గుర్తుతో రాస్తారు, పలకరు. కాలేయానికి సంబంధించినది అనే 'ఎపాతికో' మాటనీ అదే గుర్తుతో రాస్తారు, అదీ పలకరు. రెండూ కాలేయానివే, రెండింటికీ ముందు మూగ హ. చూడగానే అక్కాచెల్లెళ్లు అనిపిస్తాయి. కానీ ఎపాతికోలోని హ గ్రీకు హేపర్ నుంచి వచ్చింది. ఈగదోలోని హ ఒకప్పుడు ఫ. ఎపాతికో మన యకృత్తుకీ జిగర్‌కీ చుట్టం, ఈగదో అంజీర్‌కి చుట్టం. ఒకే అవయవానికి రెండు పేర్లు, రెండు వేర్వేరు వంశాలు.

ఫ ఎలా హ అయింది అంటే, ఇది ఈగదో ఒక్కదానికే జరిగిన వింత కాదు. లాటిన్ 'ఫీలియుస్' (కొడుకు) స్పానిష్‌లో 'ఈహో' అయింది. ఫ తో మొదలయ్యే చాలా మాటలూ అంతే. ఫీకుస్ ఈగో అయింది. మనకి ఇది కొత్త కాదు, కన్నడ వాళ్లని అడగండి. మన పాలు వాళ్లకి హాలు, మన పేరు వాళ్లకి హెసరు, మన పులి వాళ్లకి హులి. అక్కడ ప హ అయింది, ఇక్కడ ఫ హ అయింది. తర్వాత స్పానిష్ ఇంకో అడుగు వేసి ఆ హ నీ మింగేసింది, రాతలో మాత్రం మిగిల్చింది. పాత కాస్తిలియన్ (అంటే పాత స్పానిష్) రాతల్లో 'ఫీగదో' అనే ఉంటుంది. 1492లో నెబ్రిహా మొదటి స్పానిష్ వ్యాకరణం రాసేనాటికి హ ఇంకా నోట్లో వినిపించే శబ్దమే. ఇప్పటికీ అందలూసియా, ఎస్త్రెమదూరా పల్లెల్లో పెద్దవాళ్లు ఆ హ ని గట్టిగా పలకడం వినొచ్చు.

ఈ ఫ-హ మార్పుకి కారణం బాస్క్ భాష అని స్పానిష్ భాషా పండితుడు రమోన్ మెనెందెస్ పిదాల్ వాదించాడు. పాత బాస్క్‌లో ఫ లేదు. స్పానిష్‌కి పుట్టిల్లయిన కాస్తీల్ రాజ్యం పుట్టింది బాస్క్ ప్రాంతం పక్కనే. పిరెనీస్ కొండలకి అవతల ఫ్రాన్స్ వైపు బాస్క్‌ని ఆనుకుని ఉన్న గాస్కన్ భాషలోనూ ఇదే మార్పు జరిగింది. వాదన బలమైనదే. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, ఇలాంటి మార్పు ఏ పొరుగు భాష సాయం లేకుండా కూడా రాగలదని వాళ్ల అభ్యంతరం. కన్నడ ఉదాహరణ చూస్తే నాకు రెండోవాళ్ల మాటలోనూ పస ఉందనిపిస్తుంది. కానీ గాస్కన్ పటం చూసినప్పుడల్లా మళ్లీ పిదాల్ వైపే మొగ్గుతాను.

మిగతా శబ్దాలు తేలిక. రెండు అచ్చుల మధ్య ఉన్న క గ అయింది, త ద అయింది. శనివారం లాటిన్‌లో 'సబ్బతుమ్', స్పానిష్‌లో 'సాబదో'. మధ్యలో ఊనిక లేని అచ్చులు మామూలుగా రాలిపోతాయి గానీ 'అ' మొండిది, రాలదు. అందుకే సాబదోలో 'బ', ఈగదోలో 'గ' తమ అకారంతో నిలబడ్డాయి.

ఇక పక్క భాషలు. పోర్చుగీసు 'ఫీగదు', అంజీర్ 'ఫీగు'. ఫ పోలేదు కాబట్టి చుట్టరికం ఇక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది. స్పెయిన్ వాయవ్య మూలన మాట్లాడే గలీసియన్‌లోనూ 'ఫీగదో'నే.

కాటలాన్‌లో మాత్రం 'ఫెజ్జ'. చూస్తే దీనికీ ఫీకాతుమ్‌కీ ఏం సంబంధం అనిపిస్తుంది. ఇక్కడ జరిగింది వర్ణవ్యత్యయం, అంటే మాటలో హల్లులు చోటు మార్చుకోవడం. వారణాసి 'బనారస్' అయినప్పుడు ర, ణ తారుమారయ్యాయి కదా, అలాగే ఫీకతు లోని క, త తారుమారై 'ఫితికు' లాంటి రూపం వచ్చింది. చివర అలా '-తికు' ఏర్పడ్డాక దాని గతి ఖాయం, ఎందుకంటే కాటలాన్‌లో లాటిన్ '-తికుమ్' అంతా '-జ్జ' అయిపోతుంది. ప్రయాణం 'వియాతికుమ్' నుంచి 'వియజ్జ', జున్ను 'ఫోర్మాతికుమ్' నుంచి 'ఫుర్మజ్జ'. కాలేయం ఆ బండి ఎక్కేసింది. ఫ్రెంచ్ 'ఫ్వా' కూడా ఇదే మాట, ఇంకా ఎక్కువ అరిగింది. ఫ్వా గ్రా అంటే 'కొవ్వెక్కిన కాలేయం' అని అందరికీ తెలుసు. కానీ ఫ్వా ఒక్కదానిలోనే ఆ మేపుడంతా ఉంది. అంటే ఆ పేరులో ఒకే సంగతి రెండుసార్లు చెప్పారన్నమాట. పైగా ఇప్పుడు వాళ్లు మేపేది మొక్కజొన్న.

కాటలాన్ ప్రాంతానికి దక్షిణాన వలెన్సియా వైపు వెళ్తే 'ఫిగతెల్య్' అనే వంటకం దొరుకుతుంది. పంది మాంసం, కాలేయం కొట్టి ఉండ చేసి, పేగుల మీది కొవ్వు పొరలో చుట్టి కాలుస్తారు. ఆ పేరులో హల్లులు చోటు మారలేదు, 'ఫిగ' అలాగే ఉంది.

బాస్క్ ఈ గొడవకి దూరం. అక్కడ కాలేయం 'గిబెల్', లాటిన్‌తో ఏ సంబంధమూ లేని సొంత మాట. దీనికే 'వెనక భాగం' అనే అర్థం కూడా ఉంది. గిబెలెయాన్ అంటే వెనకాల. బాస్క్ వాళ్లు ఎంతో ఇష్టంగా ఏరుకొచ్చే ఆకుపచ్చ పుట్టగొడుగు ఒకటి ఉంది, పేరు 'గిబెలుర్దిన్'. కాలేయంతో దానికి పని లేదు, ఆ పేరులోని గిబెల్ వెనక వైపు అన్న అర్థంలోది. కొత్తగా బాస్క్ నేర్చుకునేవాళ్లు దాన్ని 'నీలి కాలేయం' అని అనువదించి నవ్వులపాలవుతుంటారు.

పేరు సంగతి అయింది. ఇక అర్థాలు. ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఈ రెండింటినీ కలిపేస్తున్నారు: పేరు వంటవాడు ఇచ్చాడు, అర్థాలు వైద్యుడు ఇచ్చాడు. ఈగదోకి ఉన్న ధైర్యం, కక్ష, కోపం అన్న అర్థాలేవీ అంజీర్ నుంచి రాలేదు. యేకుర్ ఉన్నప్పటి నుంచీ ఆ అవయవం మోస్తున్న బరువు అది. పేరు మారినా బరువు దిగలేదు.

రోమ్‌లో బలి ఇచ్చిన జంతువు కాలేయం చూసి జోస్యం చెప్పేవాళ్లు ఉండేవారు. 1877లో ఇటలీలో పియాచెంజా దగ్గర దొరికిన కంచు కాలేయం మీద ఎత్రుస్కన్ల (రోమన్లకి ముందు నుంచీ ఇటలీలో ఉన్న ప్రజల) దేవతల పేర్లు గళ్లుగళ్లుగా చెక్కి ఉన్నాయి, అది ఈ విద్యకి చెందిన వస్తువే. తర్వాత రెండో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిందే శాస్త్రమైంది. తిన్న తిండి కాలేయంలో రక్తంగా మారుతుందనీ, సిరలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయనీ ఆయన సిద్ధాంతం. 1628లో ఇంగ్లిష్ వైద్యుడు హార్వీ రక్త ప్రసరణ గురించి రాసేదాకా యూరప్ వైద్యులు దాదాపు ఇదే నమ్మారు. రక్తం పుట్టేచోటే పౌరుషమూ పుడుతుందనుకోవడం సహజం. పిత్తం ఊరేది కూడా అక్కడే కాబట్టి కోపమూ కుళ్లూ దాని ఖాతాలోనే పడ్డాయి.

స్పానిష్‌లో 'తెనేర్ ఈగదోస్' అంటే ధైర్యం ఉండటం. హిందీ నుంచి మనం తెచ్చుకున్న 'వాడికి కలేజా ఉంది' అన్న మాటకి ఇంతకంటే దగ్గరి అనువాదం దొరకదు. కలేజా కూడా కాలేయం కుటుంబానిదే. గమనించండి, స్పానిష్‌లో అది బహువచనం. ఒంట్లో ఉన్నది ఒక్కటే అయినా ధైర్యానికి మాత్రం 'కాలేయాలు' కావాలి. 'మాలోస్ ఈగదోస్', చెడ్డ కాలేయాలు అంటే కడుపులో విషం పెట్టుకున్న మనిషి. 'ఎచార్ లోస్ ఈగదోస్', కాలేయాలు కక్కుకోవడం అంటే చచ్చేంత చాకిరీ చేయడం. మనం 'నోట్లోంచి నురగ వచ్చేలా' అంటామే, అది. ఇలాంటి వాడుకలన్నీ ఇప్పుడు కొంచెం పాతబడ్డాయి. మాద్రిద్ కుర్రాళ్లు ధైర్యానికి ఇంకా కిందనున్న అవయవాల పేర్లు వాడతారు. అవి కూడా బహువచనంలోనే, ఆ లెక్క మాత్రం సరిపోతుంది.

ఇప్పుడు మీ మెక్సికో సహోద్యోగి. మెక్సికోలో, మధ్య అమెరికాలో 'ఎస్ ఉన్ ఈగదో' అంటే 'వాడొక భరించలేని మనిషి'. 'మె కాయె ఎన్ ఎల్ ఈగదో', నా కాలేయంలో పడతాడు అంటే 'వాణ్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది'. తినకూడనిది తింటే కాలేయం దగ్గర బరువుగా, వికారంగా ఉంటుంది కదా, ఆ మనిషీ అంతే అని. కోపంతో అరిచే తిట్టు కాదిది, పక్కవాడి చెవిలో విసుగ్గా అనే మాట. మీ గురించి అనకపోతే టెన్షన్ పడక్కర్లేదు. ఇంకో సంగతి, మెక్సికోలో బాక్సింగ్ చూసేవాళ్లకి ఈగదో అనగానే 'గాంచో అల్ ఈగదో' గుర్తొస్తుంది, ఎడమ చేత్తో పక్కటెముకల కిందకి వంపు తిప్పి కొట్టే గుద్దు. హూలియో సెసార్ చావెస్ ఆ దెబ్బకి పేరుమోసినవాడు. తల మీద దెబ్బ తిని లేచేవాళ్లు ఉంటారు గానీ ఇది గట్టిగా తగిలితే నిలబడాలని ఉన్నా కాళ్లు ఒప్పుకోవు.

పోర్చుగీసు వైపు కక్ష అర్థం ఇంకా బలంగా నిలిచింది. 'మౌష్ ఫీగదుష్' స్పానిష్ 'మాలోస్ ఈగదోస్'కి జంట. దాని నుంచే 'ఫిగదాల్' అనే విశేషణం వచ్చింది. 'ఇనిమీగు ఫిగదాల్' అంటే ఆగర్భ శత్రువు. బ్రెజిల్ వార్తాపత్రికల్లో ఇద్దరు రాజకీయ నాయకుల గురించి రాసేటప్పుడు ఇది ఇప్పటికీ తగులుతుంది. వైద్య రిపోర్టులో మాత్రం ఫిగదాల్ రాయరు, 'ఎపాతికు' అనే రాస్తారు. తేడా తెలియక 'కాలేయ సంబంధమైన శత్రువు' అని అనువదించిన వాక్యాన్ని నేను దిద్దాల్సి వచ్చింది.

నవ్వు అర్థం కూడా ఉంది. 'దెజుపిలార్ ఉ ఫీగదు' అంటే కడుపుబ్బ నవ్వుకుని తేలికపడటం. అక్షరాలా చూస్తే కాలేయంలోని అడ్డు తొలగించడం. పాత వైద్యంలో ఒంట్లో ద్రవాలు కాలేయం దగ్గర అడ్డుకుంటే మనిషి దిగులుగా తయారవుతాడని నమ్మకం, అడ్డు పోతే నవ్వు వస్తుంది. స్పానిష్‌లో తెగ నవ్వించే సినిమాని 'దెసోపిలాంతె' అనేది అందుకే. ఆ మాట వాడేవాళ్లలో నూటికి తొంభైమందికి అందులో వైద్యం ఉందని తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

ఈ పాత వైద్యం ఇంకా పూర్తిగా పోలేదనడానికి ఆర్జెంటీనాలో ఎవరినైనా అడగండి. నూనె వంటలు ఎక్కువ తిన్న మర్నాడు కడుపులో తిప్పుతుంటే వాళ్లకి వచ్చింది 'అతాకె దె ఈగదో', కాలేయం దాడి. నిజానికి కాలేయానికి ఏమీ కాలేదు, అది అజీర్తి. మనం అదే స్థితిలో 'పైత్యం చేసింది' అంటాం. పైత్యం అంటే పిత్తం సంగతే కదా, అదీ కాలేయంలోంచి వచ్చేదే. బ్రెజిల్‌లో దీనికీ, రాత్రి తాగినదానికీ కలిపి బోల్దు ఆకు కషాయం తాగుతారు, చేదు విషం. అందుకని ఆర్జెంటీనా రోగి 'నాకు కాలేయం సమస్య ఉంది' అన్నాడని రిపోర్టులో రాసి ఉంటే వెంటనే హెపటైటిస్ అనుకోకండి. ముందురోజు ఏం తిన్నాడో ముందు చూడండి.

మీకు నచ్చుతుందనుకునేది ఒకటి చెప్తాను. బ్రెజిల్ ఈశాన్యంలో పిల్లల్ని భయపెట్టడానికి 'పాపా-ఫీగు' అనే బూచివాడు ఉన్నాడు. సంచి భుజాన వేసుకుని తిరిగే ముసలివాడు. పిల్లల్ని పట్టుకుపోయి కాలేయం తింటాడు. కుష్ఠు లాంటి రోగం నయం కావడానికి అలా చేస్తాడని కథ. పాపా అంటే మింగేవాడు. ఫీగు అంటే మామూలు పోర్చుగీసులో అంజీర్. కానీ ఇక్కడ అది పల్లెటూరి నోట్లో కుదించుకుపోయిన ఫీగదు. అంటే అంజీర్ నుంచి బయలుదేరి కాలేయమైన మాట, అరిగి అరిగి వినడానికి మళ్లీ అంజీర్ అయింది. ఇందులో ఇంకో మెలిక ఏమిటంటే పోర్చుగల్‌లో 'పాపా-ఫీగుష్' అనే పక్షి ఉంది, పసుపు నలుపు రంగుల్లో మన వంగపండు పిట్టకి దగ్గరి చుట్టం. అది నిజంగానే అంజీర్ పండ్లు తింటుంది. లిస్బన్ పిల్లాడికి ఆ పేరు పిట్ట, బ్రెజిల్ ఈశాన్యంలోని రెసీఫె పిల్లాడికి దాదాపు అదే పేరు రాత్రి నిద్ర పట్టనివ్వని మనిషి.

మీరు ఎప్పుడైనా వెళ్తే మెనూలో ఇవి గుర్తుపట్టడానికి: స్పెయిన్‌లో 'ఈగదో ఎన్సెబొయాదో' ఉల్లిపాయలతో వండిన కాలేయం. కోడి కార్జాన్ని ఈగదో అనరు, 'ఇగదీయో' అంటారు. లిస్బన్‌లో 'ఈష్కష్' అంటే వెల్లుల్లి, ద్రాక్షసారాలో నానబెట్టిన పల్చటి కాలేయం ముక్కలు. 'ఈష్కష్ కొమ్ ఎలష్' అని ఉంటే 'వాటితో కలిపి' అని, ఆ 'వాటి' అంటే ఉడికించిన బంగాళాదుంపలు. అక్కడివాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు కాబట్టి పేరు పెట్టలేదు. బ్రెజిల్‌లో బెలో ఒరిజోంచె సెంట్రల్ మార్కెట్‌లో 'ఫీగదు కొమ్ జిలో' నిలబడి తింటారు. జిలో వంకాయ జాతిది, బాగా చేదు. కాకరకాయ ఇష్టమైనవాళ్లకి నచ్చుతుంది.

ఫిలిప్పీన్స్ వెళ్లినా ఈ మాట తగులుతుంది. ఉత్తర లూజాన్‌లో ఇలోకానో వాళ్ల వంటకం 'ఇగాదో': పంది మాంసం, కాలేయం పొడుగ్గా చీల్చి వెనిగర్, సోయా సాస్‌లో వండుతారు. అక్కడివాళ్లు దాన్ని హ లేకుండానే రాస్తారు. 1565 తర్వాత వచ్చిన స్పానిష్ వాళ్ల నోట్లో ఎలా వినిపించిందో అలా పట్టుకున్నారన్నమాట. ఒంట్లో ఉండే కాలేయానికి మాత్రం ఫిలిప్పీన్స్ భాషల్లో సొంత మాటలు ఉన్నాయి, తగలోగ్‌లో అది 'అతాయ్'. అక్కడ వంటకం పేరు వంటకం దగ్గరే ఆగింది, అవయవం దాకా వెళ్లలేదు.